జైలు డ్యూటీలో చేరాక నా ప్రిపరేషన్ మారిన తీరు

నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి ఎయిమ్స్ పెట్టే నార్సెట్ పరీక్ష రెండుసార్లు రాశాను. రెండుసార్లూ ప్రిలిమ్స్ దాటలేదు. మెడికల్ సర్జికల్ మూడేసి సార్లు రివిజన్ చేసి, సైకియాట్రీ, కమ్యూనిటీ హెల్త్ చివరి వారంలో చూసుకుందాంలే అని వదిలేశాను. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుందని తెలిసీ ఆ ప్రశ్నలకి గుడ్డిగా పెట్టేశాను.

ఆ తర్వాత మెరిట్ లిస్టులో కాంట్రాక్టు నర్సు పోస్టు వచ్చింది. శ్రీకాకుళం దగ్గర అంపోలు జిల్లా జైల్లో డ్యూటీ. అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆమదాలవలస నుంచి రోజూ వెళ్లి వస్తాను. గేటు దగ్గర ఫోన్ ఇచ్చేయాలి. కత్తెరలు, సూదులు లోపలికి ఎన్ని తీసుకెళ్తే బయటికి అన్నీ లెక్క తేలాలి. మొదటి వారం నాకు ఆ లెక్కతోనే టెన్షన్.

కొత్తగా రిమాండుకి వచ్చినవాళ్లని చూసి, ఒంటి మీద గాయాలు, గుర్తులు ఉంటే రాయాలి. ఇది 1894 నాటి ప్రిజన్స్ చట్టంలోనే ఉంది. రెండో వారంలో ఒకాయన వచ్చాడు. బీపీ, పల్స్ చూశాను, మోచేతి మీద గీరుడు రాశాను. మూడో రోజు పొద్దున్న, "గోడ మీద పురుగులు పాకుతన్నాయి సిస్టరమ్మా, దులపండి" అని ఏడుస్తున్నాడు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, పల్స్ 130. డాక్టరు గారు చూసి వెంటనే ఎస్కార్టుతో పెద్దాసుపత్రికి పంపారు. బతికాడు. కానీ వచ్చిన రోజే "ఆఖరిసారి మందు ఎప్పుడు తాగారు?" అని నేను అడగలేదు. రోజూ తాగే మనిషికి అరెస్టయిన గంట నుంచే మందు ఆగిపోతుంది. ఆరేడు గంటల్లో వణుకు మొదలవ్వచ్చు, రెండు మూడు రోజులకి డెలీరియం ట్రెమెన్స్ రావచ్చు, అంటే మందు ఆగడంతో మతి తప్పి లేనివి కనిపించే ప్రమాదకరమైన స్థితి. గ్లూకోజు కంటే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఎందుకిస్తారో, ఆ వణుకు తగ్గించే మందుల్లో లివర్ పాడైనవాళ్లకి లోరాజెపామ్ ఎందుకు మేలో అన్నీ నేను వదిలేసిన పేజీల్లోనే ఉన్నాయి. ఆ రాత్రి ఆ చాప్టరంతా చదివాను. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకి నా మొదటి ప్రశ్న ఆఖరిసారి మందు ఎప్పుడు తాగారనే. కేసు ఏంటని మాత్రం ఎవర్నీ అడగను, మీరూ అడగకండి. అది తెలిస్తే మన చెయ్యి మారిపోతుందని నా భయం.

అప్పట్నుంచి ఏ టాపిక్ చదివినా ఒక మనిషి గుర్తొస్తాడు. టీబీకి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. మూత్రం ఎర్రగా వస్తోందని మాత్రలు మానేయబోయినవాడికి అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగేనని చెప్పాక నాకు ఆ ప్రశ్న ఇక తప్పు పోదు. గజ్జికి పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి కాళ్ల దాకా రాయాలి, గదిలో అందరికీ ఒకేసారి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు మనిషి నడుం నొప్పికి బిళ్ల అడిగితే కిడ్నీల సంగతి అడిగి, డాక్టరు గారికి చెప్పాకే.

రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా చదువుతాను. యాభై ప్రశ్నలు చేసి, తప్పు పోయినవి మాత్రమే నోట్సులో రాస్తాను. మళ్లీ అప్లై చేశాను.

జైలు పోస్టు వస్తే అమ్మాయిలు తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. తీసుకోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులకి ఆరు నెలలు పడుతుంది, అది మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.