తొమ్మిది బ్లాకులు, ఎనిమిది సెన్సర్లు

ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో మా బ్యాగు తెరిపించారు. లోపల చుట్టచుట్టిన వైర్లు, ఒక సర్క్యూట్ బోర్డు, ఎనిమిది అల్ట్రాసోనిక్ సెన్సర్లు, ఒక బ్యాటరీ ప్యాక్. చూసేవాళ్ల కంటికి అవి ఎలా ఉంటాయో అప్పటిదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు. "పార్కింగ్ కోసం సార్" అని మావాడు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి గొంతు వణికింది. పావుగంట టెన్షన్ పెట్టి వదిలేశారు.

మేం నలుగురం, వెంట మా సార్. మాది స్మార్ట్ సిటీ ప్రాజెక్టు. రోడ్డు పక్కన ఏ పార్కింగ్ చోటు ఖాళీగా ఉందో సెన్సర్ పసిగట్టి యాప్‌కి చెబుతుంది, డ్రైవరు వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. బార్సిలోనాకి సెన్సర్ల నగరమని పేరుంది కాబట్టి అక్కడ మా ఐడియాకి మంచి సరుకు దొరుకుతుందని బయల్దేరాం.

గ్లోరియెస్ మెట్రో స్టేషన్లో దిగి పోబ్లెనౌ అనే పేట వైపు నడిచాం. అక్కడి వీధులు గళ్ల నోటుబుక్కులా ఉంటాయి. 1859లో ఆమోదం పొందిన ఇల్డెఫోన్స్ సెర్దా ప్లాను అది. ఒక్కో బ్లాకు సుమారు 113 మీటర్ల చదరం. నాలుగు మూలలూ కత్తిరించేశారు, అందుకే నాలుగు బ్లాకులు కలిసేచోట కూడలి ఎనిమిది పలకలుగా విశాలంగా ఉంటుంది. మ్యాపులో చూస్తే ముచ్చటేస్తుంది. నడిచేవాడికి మాత్రం శిక్షే: రోడ్డు దాటే గీతలు మూల నుంచి లోపలికి జరిగి ఉంటాయి కాబట్టి ప్రతిచోటా చుట్టు తిరగాలి. సెర్దా ఇంజినీరు. ప్లాను గీయకముందే ఆ ఊరి కార్మికుల ఇళ్లు, కూలి డబ్బులు, ఇంటి ఖర్చులు లెక్కలు కట్టాడని సార్ నడుస్తూ చెప్పారు. ఒక్క సెన్సర్ కూడా లేకుండా. ఆ మాట మాకు గుచ్చడానికే అన్నారని తర్వాత అర్థమైంది.

మేం చూడాల్సింది సూపర్‌బ్లాకు. తొమ్మిది బ్లాకుల్ని మూడు వరసలుగా కలిపి ఒకటిగా చూస్తారు, ఒక్కో వైపు దాదాపు 400 మీటర్లు. చుట్టూ ఉన్న రోడ్లలో ట్రాఫిక్ మామూలే. లోపలి వీధుల్లోకి కారు రావచ్చు, కానీ నేరుగా దాటి అవతలికి పోలేదు. ఒక మలుపు, ఇంకో మలుపు తిప్పి వీధే దాన్ని మళ్లీ బయటికి పంపేస్తుంది. వేగం గంటకు 10 కిలోమీటర్లు దాటకూడదు. రోడ్డును మూసేయలేదు, అడ్డదారిగా వాడుకునే లాభం లేకుండా చేశారంతే. ఈ తెలివి నాకు ఏ యాప్‌లోనూ కనిపించలేదు.

ఇక్కడ దీన్ని మొదలుపెట్టింది 2016 సెప్టెంబరులో. ఖాళీ అయిన కూడళ్లని మొదట తాత్కాలికంగా తీర్చిదిద్దింది ఆర్కిటెక్చర్ విద్యార్థులు. చేతిలో ఉన్నవి రంగులు, పాత టైర్లు, కుండీల్లో మొక్కలు. ముందు చవగ్గా పెట్టి చూడ్డం, బాగోకపోతే తీసేయడం. అది కూడా నున్నగా సాగలేదు. మమ్మల్ని అడగకుండా చేశారని, కారు ఎక్కడ పెట్టుకోవాలని కొందరు స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. తర్వాతే బల్లలు, చెట్లు, పిల్లల ఆటస్థలాలు స్థిరపడ్డాయి. వ్యతిరేకించినవాళ్లది పిచ్చి కోపమని నేననుకోను. పొద్దున లేచేసరికి ఇంటి ముందు టైర్లుంటే ఎవరికైనా మండుతుంది.

సార్ మాకో పని పెట్టారు. ఫోన్లు జేబులో పెట్టండి, ఒక కూడలిలో గంటసేపు కూర్చుని కనిపించింది రాయండి అన్నారు. నాకు నవ్వొచ్చింది. పది నిమిషాల తర్వాత విసుగొచ్చింది. అరగంటకి పెన్ను ఆగలేదు. బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచిన ఇద్దరు, చేతికర్రతో నీడ వెతుక్కుంటూ బెంచీ మార్చిన పెద్దాయన, స్కూటర్ మీద గుండ్రంగా తిరుగుతున్న పిల్ల, ఆ పిల్లని చూడకుండా పుస్తకం చదువుకుంటున్న తల్లి. గంటలో నేను లెక్కపెట్టిన కార్లు ఏడు. చూడకుండా కూర్చున్న ఆ తల్లిని మాత్రం ఏ గడిలో రాయాలో తెలియలేదు. ఆవిడకి భయం లేదు. దాన్ని కొలిచే సెన్సర్ మా బ్యాగులో లేదు.

మావాడికి మాత్రం ఇదేమీ నచ్చలేదు. "పార్కింగే తీసేస్తే మన యాప్ ఎందుకురా?" అని ఆ రాత్రంతా సణిగాడు.

మర్నాడు సాయంత్రం గ్రాసియా పేటలోని సోల్ స్క్వేర్‌కి వెళ్లాం. రాత్రుళ్లు అక్కడ మెట్ల మీద కూర్చునే గుంపుల గోలకి చుట్టుపక్కల వాళ్లకి నిద్ర ఉండేది కాదు. బార్సిలోనా ఫ్యాబ్ ల్యాబ్‌లో, అంటే పరికరాలు సొంతంగా తయారుచేసుకునే వర్క్‌షాపులో పుట్టిన స్మార్ట్ సిటిజన్ అనే చిన్న సెన్సర్ కిట్లని వాళ్లే ఇళ్ల దగ్గర పెట్టుకుని శబ్దాన్ని కొలిచారు. ఆ అంకెలు పట్టుకుని నగరపాలక సంస్థతో మాట్లాడారు. ఇక్కడా ఉన్నది సెన్సరే. కానీ ముందు నిద్రపట్టని మనిషి, తర్వాత పరికరం. మేం ఏడాదిగా చేసింది దానికి తలకిందులు. ఆ ఎనిమిది సెన్సర్లు సెమినార్ హాల్లో ఊరికే పడి ఉన్నాయని, వాటితో ఏం చేద్దామా అని మొదలెట్టాం మేము. ఈ సంగతి రిపోర్టులో రాయాలా వద్దా అని మా మధ్య చిన్న గొడవే జరిగింది. చివరికి రాశాం.

ఆఖరి రోజు పొద్దున్నే మళ్లీ పోబ్లెనౌ. సూపర్‌బ్లాకు అంచున ఒక డెలివరీ వ్యాను ఆగి ఉంది, దాని వెనక ఇంకొకటి. సరుకు దించడానికి చోటు కోసం ఎదురుచూస్తోంది. మావాడి కళ్లు మెరిశాయి. కార్లకి కాదు, సరుకు దించే చోట్లకి మన సెన్సర్లు పెడదాం అన్నాడు. నిజంగానే బాగుంది. వచ్చీరాని స్పానిష్‌లో, ఎక్కువ చేతులతో, ఆ డ్రైవరుకి వివరించాడు. ఆయన ఓపిగ్గా విని, జేబులోంచి ఫోన్ తీసి ఒక యాప్ చూపించాడు. సరుకు దించే చోట్ల కోసమే నగరం పెట్టిన యాప్ అది. ఆగగానే అందులో నమోదు చేయాలి, 30 నిమిషాల్లో ఖాళీ చేయాలి. ఏళ్లుగా వాడుతున్నాడట.

మేం ముగ్గురం పగలబడి నవ్వాం. మావాడు మాత్రం తగ్గలేదు.

"అయితే మన ఐడియా కరెక్టే కదరా!"