యూనిట్ 1కి 11 గంటలు

కాలేజీలో ఇచ్చిన నా లెసన్ ప్లాను షీటు మళ్లీ వెనక్కి వచ్చింది. శనివారం సాయంత్రం వచ్చిన మెయిలును ఆదివారమంతా తెరవకూడదని గట్టిగా అనుకున్నాను కానీ, అత్తయ్య పడుకుని, చిన్నాడి బ్యాగు సర్దడం అయిపోయాక చెయ్యి ఊరుకోలేదు. తెరిచినందుకు పదకొండున్నర దాటినా నిద్ర పట్టడం లేదు.

మొదటి సెమిస్టరు కాల్క్యులస్‌కు నేను పంపిన లెసన్ ప్లానులో రెండు తప్పులున్నాయట. ఐదు యూనిట్లకూ తలా 9 గంటల చొప్పున 45 గంటలు ఉండవలసిన చోట, నేను యూనిట్ 1కి 11, యూనిట్ 5కి 7 వేయడం మొదటి తప్పు. మొదటి వారానికి ఎదురుగా ఉన్న గడిలో "విద్యార్థి మార్పు రేటును అర్థం చేసుకుంటాడు" అని రాయడం రెండోది. అర్థం చేసుకోవడాన్ని కొలవలేము కనుక ఆ క్రియ పనికిరాదు, "గణిస్తాడు", "నిర్వచిస్తాడు" వంటి మాట వేసి సోమవారం పది గంటల లోపల పంపమన్నారు. పోయిన సంవత్సరపు ప్లానులో తేదీలు మార్చి పంపించెయ్యండి మేడమ్, దీన్ని ఎవరు చదువుతారు అని మా సీనియర్ గారు ఫోనులో మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. ఎవరూ చదవరన్న ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను చదువుతాను. ప్రతిరోజూ ఉదయం ఆ కాగితం చూసుకునే తరగతిలోకి అడుగు పెడతాను. ఏ పాఠానికి ఎంత సేపు పడుతుందో పాఠం చెప్పేవాళ్లకు తెలుస్తుంది కానీ, గడులన్నీ ఒకే వెడల్పున ఉండాలనుకునేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

పిల్లలకు ఇంటర్లో అవధులు (లిమిట్స్), అవకలనం (డిఫరెన్షియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్) అన్నీ అయిపోయాయి కదా, మొదటి యూనిట్‌ను ఒకసారి తిరగేస్తే చాలదా అన్నది షీటు వెనక్కి పంపినవాళ్ల వాదన. అయిపోయిన మాట నిజమే. పోయిన సంవత్సరం ఇదే వారంలో, కొండపి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి, ఎక్స్ స్క్వేర్‌కు అవకలజం (డెరివేటివ్) ఎంతమ్మా అని అడిగాను. సుద్దముక్క తీసుకోకుండానే టూ ఎక్స్ అంది. ఎక్స్ విలువ 3 అయినప్పుడు అన్నాను, 6 అంది. ఆ 6 అంటే ఏమిటి, దేనికి 6 అని అడిగితే నా వైపు చాలాసేపు చూసి, "అదే ఆన్సరు మేడమ్" అంది. వంద బిట్లు ఇచ్చినా తప్పు పోని పిల్ల ఆమె. సైన్ ఎక్స్ బై ఎక్స్‌కు సున్న దగ్గర అవధి అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో ఎల్‌హాస్పిటల్ సూత్రం అంటుంది. ఆ సూత్రం వాడాలంటే సైన్‌కు అవకలజం తెలియాలి, ఆ అవకలజం రాబట్టాలంటే ముందు ఈ అవధే తెలిసి ఉండాలి, అంటే మనం గానుగ చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చామన్న సంగతి ఎవరికీ తోచదు. తప్పు పిల్లలది కాదు. రెండేళ్లపాటు వాళ్లకు ఆగి ఆలోచించే తీరిక ఇచ్చినవాళ్లు లేరు. ఆ తీరిక కోసమే నేను ఆ రెండు గంటలు అడిగాను.

ప్లాను తయారు చేసేటప్పుడు నేను ఇంకొక సాహసం కూడా చేశాను. సిలబసులో మొట్టమొదట ఉన్న అవధి నిర్వచనాన్ని మూడో వారానికి నెట్టి, మొదటి వారమంతా మార్పు రేటుకే ఇచ్చాను. చరిత్రలోనూ వరస అదే కదా అన్నది నా ధైర్యం. జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ అవకలనం మీద తన వ్యాసాన్ని అచ్చు వేసింది 1684లో. అవధిని పునాదిగా పెట్టి ఫ్రెంచి గణితవేత్త కోషీ పాఠ్యగ్రంథం రాసింది 1821లో. పునాది లేకుండా 137 సంవత్సరాలు ఇల్లు నిలబడగలిగినప్పుడు, మా పిల్లలకు రెండు వారాలు ఆలస్యమైతే నష్టమేమిటి అనుకున్నాను.

మొదటి గంటకు ఉదాహరణ కూడా సిద్ధం చేసుకున్నాను. మన నెల్లూరు జిల్లాలో పేపరు చదివే ఏ ఇంట్లోనైనా పెన్న మీది సోమశిల జలాశయం నీళ్ల లెక్క తెలియని పిల్లలుండరు. నిల్వ టీఎంసీల్లో ఉంటుంది, వచ్చేదీ పోయేదీ క్యూసెక్కుల్లో ఉంటాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది రేటు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది పోగుబడిన మొత్తం. నిల్వ ఎంత వేగంగా మారుతోందో అడిగితే అవకలనం, ప్రవాహాన్ని కాలంతో పాటు కూడుకుంటూ పోతే సమాకలనం, ఈ రెండూ ఒకదాన్ని ఒకటి విప్పుకునే పనులన్నది ఈ సబ్జెక్టు మొత్తానికి మూల సిద్ధాంతం. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన ఆ వరద మా వాళ్లెవరూ మరిచిపోలేదు. అప్పుడు సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. 5 లక్షలే అనుకుని, అదే వేగం ఒక రోజంతా సాగిందనుకుంటే, రోజుకు 86,400 సెకన్లు కనుక 43.2 టీఎంసీలు అవుతుంది. మధ్యాహ్నం నేను ఈ లెక్క వేస్తుంటే చిన్నాడు పక్కన కూర్చుని, సోమశిల మొత్తం 78 కదా, అయితే రెండు రోజులు కూడా పట్టదమ్మా అన్నాడు. ఆరో తరగతి పిల్లవాడు. నాకు ఎంత సంతోషం వేసిందో రాయలేను.

అయితే ఈ రాత్రి ఆ షీటును ముందు పెట్టుకుని కూర్చుంటే, నీళ్ల మాట మీద నాయన గుర్తుకొచ్చాడు.

నాయన కనిగిరి రిజర్వాయరు కింద లస్కరుగా, అంటే తూములూ నీటిమట్టమూ చూసుకునే పనివాడిగా చేశాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక కార్తీక మాసంలో వాయుగుండం పట్టి మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. అమ్మ వద్దంటున్నా వినకుండా, నెత్తిన గోనెసంచి వేసుకుని నాయన వెంట తూము దగ్గరికి వెళ్లాను. గంట గంటకూ గేజీ చూసి రిజిస్టరులో రాయడం ఆయన పని. టార్చిలైటు నా చేతికిచ్చి గేజీ రాయి మీద వెయ్యమన్నాడు. ఎనిమిదింటికి 5 అడుగుల 2 అంగుళాలు, తొమ్మిదింటికి 5 అడుగుల 8 అంగుళాలు. గంటకు ఆరంగుళాలు ఎక్కింది, అదే రాశాడు. రాసి ఊరుకోలేదు. మెట్ల పక్కన గోడ మీద, నీళ్లు సరిగ్గా ఆనుతున్న చోట, ఇటుకముక్కతో గీత గీశాడు. తూము గది చూరు కింద గొంతుక్కూర్చుని బీడీ ముట్టించి, అది అయిపోయేదాకా గీత వైపే చూశాడు. అయిదు నిమిషాలు అయి ఉంటుంది. గీత మునిగింది, వేలు పెట్టి చూస్తే అంగుళం పైన నీళ్లున్నాయి.

"గంటకి ఆరంగుళాలని పుస్తకంలో రాసినాం పాపా. అది అయిపోయిన గంట. ఇప్పుడెంత ఎక్కతా ఉండాదో అది చెప్పదు" అన్నాడు. అయిదు నిమిషాలకు అంగుళమంటే గంటకు పన్నెండు, రిజిస్టరులో ఉన్నదానికి రెట్టింపు. అప్పటికప్పుడు మనిషిని పరుగెత్తించి పైవాళ్లకు కబురు పంపాడు. తెల్లారేసరికి కలుజు (మిగులు నీళ్లు పొర్లిపోయే గోడ) మీదుగా నీళ్లు దూకుతున్నాయి. కట్టకు ఏమీ కాలేదు.

నా మొదటి వారానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదని ఒక అరగంట సేపు పొంగిపోయాను. ఆ పొంగు తగ్గాక ఇంకొకటి కనిపించింది. నాయన గంటను నమ్మలేదు, బీడీ కాలేంత సేపును నమ్మాడు. మరి బీడీలో సగం కాలేంత సేపు చూసి ఉంటే? అందులో సగం చూసి ఉంటే? సగం చేసుకుంటూ పోతే కాలం సున్నకు దగ్గరవుతుంది, ఎక్కిన నీళ్లూ సున్నకు దగ్గరవుతాయి, వాటి నిష్పత్తి మాత్రం ఒక సంఖ్య దగ్గర కుదురుకుంటుంది. సున్ననే పట్టుకుని భాగించబోతే ఏమీ మిగలదు. 1734లో బర్క్‌లీ అనే మతాచార్యుడు కాల్క్యులస్ వాళ్లను నిలదీసింది సరిగ్గా ఈ చోటే, ఆయన ప్రశ్నకు గట్టి జవాబు దొరికింది అవధి భావనలోనే. అవధిని మూడో వారానికి నెట్టి, గోడ మీద గీతల కథ మొదటి వారంలో చెబితే, కథలో అసలు ప్రాణాన్ని తీసి పక్కన పెట్టినట్టే అవుతుంది. 137 సంవత్సరాలు ఇల్లు నిలబడిందని పైన రాశాను కానీ, ఆ కాలమంతా ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు నిద్ర పట్టలేదన్న సంగతి నేను లెక్కలో వేసుకోలేదు. కాబట్టి వరస విషయంలో సిలబసే సరైనది, నేను తప్పు. గంటల విషయంలో మాత్రం నేను తప్పు కాదు.

భాస్కరాచార్యుణ్ణి కూడా ఆ వారంలోనే తీసుకురావాలి. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో ఆయన గ్రహాలకు రోజు మొత్తానికి లెక్కించే గతి వేరు, తాత్కాలిక గతి వేరు అని చెప్పి, చంద్రుడు వేగంగా కదులుతాడు కనుక తిథి ముగిసే వేళను కట్టడానికి తాత్కాలిక గతినే వాడమన్నాడు. ఆయన చంద్రుడికి చేసినదే నాయన నీళ్లకు చేశాడు. తాత్కాలికమంటే మనకు ఇప్పుడు కొద్దికాలం ఉండేదన్న అర్థమే మిగిలింది, పాఠ్యపుస్తకాలలో తక్షణ రేటు అంటున్నాము. తత్కాలమంటే ఆ క్షణమేనని చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు కూడా ఆ 11 గంటల్లోనే ఉన్నాయి.

ఇప్పుడే షీటు సరిచేశాను. అవధి మొదటి వారంలోకి వచ్చింది. "అర్థం చేసుకుంటాడు" తీసేసి "సగటు రేట్ల నుంచి తక్షణ రేటును రాబడతాడు" అని రాశాను. నిజానికి ఇదే మెరుగ్గా ఉంది, ఈ ఒక్క విషయంలో వాళ్లు వెనక్కి పంపడమే మంచిదైంది. యూనిట్ 1కి 11, యూనిట్ 5కి 7 అలాగే ఉంచాను. మళ్లీ వెనక్కి పంపితే స్వయంగా వెళ్లి మాట్లాడతాను.

పొద్దున్నే నాయనకు ఫోను చెయ్యాలి. ఆ రాత్రి మొదటి గీత మునిగాక ఆయన దాని పైన రెండో గీత గీసి ఇంకా తక్కువ సేపు చూశాడా, లేక ఒక్క గీతతోనే లేచిపోయాడా అన్నది ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రావడం లేదు. బోర్డు మీద ఎన్ని గీతలు గీయాలో ఆయన్ని అడిగాకే రాసుకుంటాను.