పేరు దొరికింది, కనెక్షన్ దొరకలేదు

కావలిలో రొయ్యల మేత అమ్మే ఒక వ్యాపారి కోసం చాలా ఏళ్ల క్రితం రాసిన లెక్కల అప్లికేషన్‌ను ఈ మధ్య టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వరు) 7 నుంచి 9కి మార్చాను. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. డేటాబేస్ చిరునామా గానీ పాస్‌వర్డ్ గానీ అందులో ఉండవు. "జేడీబీసీ/మేత" అనే పేరును జేఎన్‌డీఐ (పేరు చెబితే దానికి కట్టి ఉన్నదాన్ని తెచ్చిచ్చే జావా సౌకర్యం) ద్వారా వెతికితే, సర్వరు ఆ పేరుకు కట్టి ఉంచిన డేటాసోర్స్ (డేటాబేస్‌కు కనెక్షన్లు ఇచ్చేది) చేతికి వస్తుంది, కనెక్షన్ అడిగితే అది తన పూల్‌లో, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపులో, ఖాళీగా ఉన్నదాన్ని ఇస్తుంది. అదే పేరు నా ల్యాప్‌టాప్‌లో పరీక్షల డేటాబేస్‌కు, దుకాణంలో అసలు ఖాతాలకు దారి చూపుతుంది.

పూర్తిగా రాస్తే అది "జావా:కాంప్/ఎన్వ్/జేడీబీసీ/మేత" అవుతుంది. ముందున్న భాగాన్ని అలంకారమనుకుని వదిలేసిన కొత్తవారికి, పేరు దొరకలేదన్న ఎక్సెప్షన్ ఎదురవుతుంది. మా వైపు చాలా ఊళ్లలో పెద్దచెరువు ఉంటుంది. ఊళ్లోవారికి ఆ మాటే చాలు గానీ, పక్క ఊళ్లో అదే మాట అంటే వేరే చెరువు. ఎన్వ్ కింది పేరు కూడా అలా ఆ అప్లికేషన్‌కే సొంతం కనుక, ఒకే సర్వరులోని రెండు అప్లికేషన్లు ఒకే పేరు వెతికి వేర్వేరు డేటాబేసులకు చేరవచ్చు.

పేరు దొరకకపోవడం నా దృష్టిలో మంచి తప్పే, వెంటనే బయటపడుతుంది కదా. అప్లికేషన్‌కు ఏ పేరు కావాలో చెప్పే రిసోర్స్-రెఫ్‌ను వెబ్.ఎక్స్ఎంఎల్‌లో రాసి, ఆ పేరుకు డేటాబేస్ వివరాలిచ్చే రిసోర్స్‌ను కాంటెక్స్ట్.ఎక్స్ఎంఎల్‌లో రాయడం మరచిపోతే మాత్రం టామ్‌క్యాట్ అభ్యంతరం చెప్పకుండా ఏ వివరాలూ లేని డేటాసోర్స్‌ను అందిస్తుంది. కనెక్షన్ అడిగినప్పుడు గానీ, డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్) క్లాస్ ఉండవలసిన చోట ఖాళీ కొటేషన్లు, యూఆర్ఎల్ ఉండవలసిన చోట "నల్" ఉన్న సందేశం కనిపించదు. ఆ సందేశాన్ని నమ్మి, డ్రైవర్ జార్ ఫైలు కోసం లిబ్ ఫోల్డర్ తవ్వుతూ ఒకప్పుడు ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.

ఈసారి పేరూ ఉంది, రిసోర్సూ ఉంది. సాయంత్రం పరీక్షించినప్పుడు అంతా సవ్యంగానే నడిచింది. మర్నాడు ఉదయం రైతులు మేత బస్తాల కోసం వరుస కట్టే వేళకు బిల్లింగ్ తెరలన్నీ బిగుసుకుపోయాయి. టామ్‌క్యాట్ 8 నుంచి లోపలి పూల్ డీబీసీపీ 2 అనే లైబ్రరీకి మారింది. ఒకేసారి ఎన్ని కనెక్షన్లు వాడుకోవచ్చో చెప్పే పాత "మ్యాక్స్‌యాక్టివ్" స్థానంలో "మ్యాక్స్‌టోటల్", ఖాళీ కనెక్షన్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే "మ్యాక్స్‌వెయిట్" స్థానంలో "మ్యాక్స్‌వెయిట్‌మిల్లిస్" వచ్చాయి. మ్యాక్స్‌యాక్టివ్‌కు నేను రాసిన 40ని కొత్త సర్వరు పక్కన పెట్టి, తనకు అలవాటైన 8తో సరిపెట్టుకుంది. ఎంతసేపు ఆగాలో చెప్పిన పాత మాటనూ పట్టించుకోలేదు కాబట్టి తొమ్మిదో అభ్యర్థన అంతులేకుండా నిలబడింది. ఈ సంగతి మొదటిసారి సర్వరు లేచినప్పుడే లాగ్‌లో హెచ్చరికగా వచ్చింది. పేరు దొరికిందన్న ధైర్యంతో నేనే చదవలేదు.

ఆ రెండు మాటలూ సరిచేశాక బిల్లులు కదిలాయి. ఇప్పుడు నా పరీక్ష పేరు వెతకడంతో ఆగదు. ఒకేసారి పది కనెక్షన్లు తెరిచి, ఒక్కొక్కదానిపై చిన్న క్వెరీ నడిపి, ఆ తరువాతే అన్నింటినీ మూస్తుంది.