ఫోర్ ప్రోబ్ నన్ను పీహెచ్‌డీలో చేర్చింది

సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిందనగానే మా ఇంట్లో పీహెచ్‌డీ సీటు వచ్చేసిందనుకున్నారు. జేఆర్‌ఎఫ్ అంటే ఫెలోషిప్పుకు అర్హత మాత్రమే. సీటిచ్చేది ఇన్‌స్టిట్యూటు, అదీ ఇంటర్వ్యూ చేశాక. మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే అని చెప్తే మా నాయన, "చదువుకునేదానికి వాళ్లే డబ్బులిస్తారా? ఎట్టా నమ్మేదబ్బా?" అన్నాడు. అమరావతిలో క్వాంటమ్ కంప్యూటర్ల కోసం క్వాంటమ్ వ్యాలీ అని పేపర్లో చూసిన మా చిన్నాయనైతే నేను కంప్యూటర్లు తయారు చేస్తానని ఊరంతా చెప్పాడు. నేను దిద్దబోలేదు.

మాది నెల్లూరు జిల్లా సైదాపురం వైపు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ కావలిలో చేశాను. నెట్ గురించి ఒక్కమాట చాలు: 200 మార్కుల్లో పార్ట్ సీ ఒక్కటే వంద. అందులో 30 ప్రశ్నలుంటే 20 రాస్తే చాలు, కాబట్టి అన్ని చాప్టర్లూ చదవాల్సిన పన్లేదు. గేట్, జెస్ట్ అనే ప్రవేశ పరీక్షలు కూడా రాయండి. ఏ సంస్థ ఏ పరీక్షను ఒప్పుకుంటుందో ఎవరి నోటిఫికేషన్‌లో వాళ్లు రాస్తారు.

ప్రయోగాల వైపు వెళ్లాలనుకునేవాళ్లకు బెంగళూరులో ఐఐఎస్‌సీ, రామన్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్) ఉన్నాయి. మనకు పక్కనే తిరుపతిలో ఐజర్, ఐఐటీ. 2023లో కేంద్రం ఆమోదించిన 6,003 కోట్ల నేషనల్ క్వాంటమ్ మిషన్‌లో పదార్థాలు, పరికరాల హబ్ ఐఐటీ ఢిల్లీలో పెట్టారు. ఇలాంటి ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్ పోస్టులు విడిగా పడుతుంటాయి, వాటి మీదా ఓ కన్నేసి ఉంచాలి.

ఇక ఇంటర్వ్యూ. క్వాంటమ్ మెకానిక్స్ మొత్తం తిరగేసి వెళ్లాను. బోర్డు దగ్గర నిలబెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "ఎమ్మెస్సీ ల్యాబ్‌లో మీ చేత్తో చేసిన ప్రయోగం ఏదైనా చెప్పండి." ఫోర్ ప్రోబ్ అన్నాను, అంటే నాలుగు సూదులతో నిరోధం కొలిచే ప్రయోగం. జెర్మేనియం ముక్క మీద వరసగా నాలుగు సూదులు, కింద చిన్న హీటరు, ఏ కాలేజీలోనైనా ఉండేదే. నాలుగెందుకు, రెండు చాలవా అన్నారు. రెండైతే తీగల నిరోధం, అవి ఆనిన చోటి నిరోధం కూడా లెక్కలో కలిసిపోతాయి. బయటి రెండింటి గుండా కరెంటు పంపి లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తే ఆ బాధ ఉండదు, ఎందుకంటే వోల్ట్‌మీటరు కరెంటును దాదాపుగా లాక్కోదు. మరి జెర్మేనియం బదులు సూపర్‌కండక్టర్ పెడితే? అప్పుడు నాలుగు తప్పనిసరి, ముక్క నిరోధం సున్నా అయినా తీగలది సున్నా కాదుగా. అక్కణ్ణుంచి బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ కట్టు తెంచుకుని కరెంటు మోయడానికి కావలసిన శక్తి, వేడికి నిరోధం తగ్గే తీరు నుంచి లెక్కగడతాం: పుస్తకంలో జెర్మేనియానికి సుమారు 0.67 ఎలక్ట్రాన్ వోల్టులు, మీకెంత వచ్చింది, తేడా ఎందుకు? థర్మామీటరు ముక్కకు ఆనకుండా పక్కన ఉందని చెప్పాను. ఆ జవాబుకు తలలూగాయి.

తర్వాత ఒకాయన నా అప్లికేషన్‌లో ఊరు చూసి, "మీ వైపు అభ్రకం గనులు కదా, రెండు పోలరాయిడ్లను ఒకదానికొకటి అడ్డంగా పెట్టి మధ్యలో అభ్రకం రేకు ఉంచితే?" అన్నాడు. పోలరాయిడ్ ఒకే దిశలో కంపించే కాంతిని వదులుతుంది, కాబట్టి అడ్డంగా రెండు పెడితే చీకటే. మధ్యలో అభ్రకం వస్తే ఆ చీకటిగా ఉన్నచోట వెలుగొస్తుంది, మందాన్ని బట్టి రంగులు కనబడతాయి, రేకును తిప్పితే వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. కాంతి రెండుగా చీలి రెండు వేగాలతో పోవడమే కారణం. మిల్లీమీటరులో సుమారు మూడు శాతం మందానికి చీల్చుకుంటే అదే సోడియం కాంతికి క్వార్టర్ వేవ్ ప్లేటు, అంటే చీలిన రెండు కాంతుల మధ్య పావు అల తేడా తెచ్చే రేకు. పొరలు ఎందుకంత సులువుగా విడతాయని అడిగి, గ్రాఫైటుకు పోయాడు. అభ్రకంలో పొరల మధ్య పొటాషియం అయాన్లుంటాయి, గ్రాఫైట్‌లో ఏమీ ఉండవు, బలహీనమైన వాన్ డర్ వాల్స్ ఆకర్షణే. అందుకే 2004లో టేపుతో ఊడదీసి గ్రాఫీన్ అనే ఒక్క కార్బన్ పొరను చూపించగలిగారు. మాలిబ్డినం డైసల్ఫైడ్‌నూ అలాగే ఒక్క పొరకు తెస్తే బ్యాండ్ గ్యాప్ డైరెక్టుగా మారి, అంటే ఎలక్ట్రాన్ తన శక్తిని నేరుగా కాంతిగా వదలగలిగేలా అయి, కాంతిని బాగా వెలువరిస్తుంది. నేనిప్పుడు చేసేది ఆ కుటుంబపు పదార్థాల మీదే.

ల్యాబ్ ఎంచుకోవడం గురించి ఎవరూ చెప్పరు, అదే ముఖ్యం. ప్రొఫెసర్ పేపర్లు ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో చదివి మెయిల్ పెట్టండి, కానీ అసలు సంగతులు ఆయన విద్యార్థులనే అడగాలి. క్రయోస్టాట్ (పదార్థాన్ని అతి చల్లగా ఉంచే పరికరం) నడుస్తోందా, రిపేరులో ఉందా? దాన్ని చల్లబరిచే ద్రవ హీలియం సంస్థలోనే తయారవుతుందా, బయట కొనాలా? లేజర్ కాంతితో పదార్థాన్ని పరీక్షించే రామన్ స్పెక్ట్రోమీటరు సొంతమా, వేరే విభాగం దగ్గర వారానికో పూట అడుక్కోవాలా? కొత్తగా పెట్టిన ల్యాబైతే మొదటి రెండేళ్లు పంపులు బిగించడం, అద్దాలు సర్దడమే సరిపోతుంది. కొందరికి అదే ఇష్టం, పరికరాన్ని మూలం నుంచి నేర్చుకుంటారు. నాకంత ఓపిక లేదు. హీలియం మళ్లీ మళ్లీ పోయనక్కర్లేని క్లోజ్డ్ సైకిల్ క్రయోస్టాట్, పాత విద్యార్థులు ఇద్దరు ఉన్న గ్రూపును చూసుకుని, ఇంకో సంస్థ నుంచి వచ్చిన ఆఫరును వదిలేసుకున్నాను.