ఆబ్జెక్టివ్-సీ టెస్ట్: కోలన్లతో సహా చదవండి

విశాఖ రుషికొండ కంపెనీల్లో ఐఓఎస్ (ఐఫోన్ యాప్‌ల) ఉద్యోగాలకి ప్రిపేర్ అవుతున్నవాళ్ల కోసం ఇది. 2014లో ఆపిల్ కొత్త ప్రోగ్రామింగ్ భాష స్విఫ్ట్ వచ్చేసింది కదా, ఇంకా పాత భాష ఆబ్జెక్టివ్-సీ ఎందుకని మా బ్యాచ్‌లో చాలామంది వదిలేశారు. కానీ పాత యాప్‌ల కోడ్ ఇంకా నడుస్తోంది, దాన్ని చదవగలిగేవాళ్లు కావాలి. నేను రాసిన టెస్ట్‌లో గట్టిగా పట్టుకున్నది కూడా రెండు మూడు పారామీటర్లున్న (అంటే రెండు మూడు విలువలు తీసుకునే) మెథడ్ల దగ్గరే.

సీ, జావా నేర్చుకుని వచ్చినవాళ్లకి మెథడ్ పేరంటే బ్రాకెట్‌కి ముందుండే మాట. ఇక్కడ పేరు ముక్కలై పారామీటర్ల మధ్య పరుచుకుని ఉంటుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చదువుకునేటప్పుడు నోట్స్‌లో రాసుకున్న ఉదాహరణ ఇది:

- (ఇంట్)ఫేర్‌ఫ్రమ్:(ఎన్ఎస్‌స్ట్రింగ్ *)స్టార్ట్ టు:(ఎన్ఎస్‌స్ట్రింగ్ *)ఎండ్ టికెట్స్:(ఇంట్)కౌంట్;

పిలిచేటప్పుడు:

ఇంట్ మొత్తం = [బస్ ఫేర్‌ఫ్రమ్:@"మద్దిలపాలెం" టు:@"భీమిలి" టికెట్స్:2];

డిక్లరేషన్ మొదట్లో మైనస్ ఉంటే ఇన్‌స్టెన్స్ మెథడ్ (ఒక ఆబ్జెక్ట్ మీద పిలిచేది), ప్లస్ ఉంటే క్లాస్ మెథడ్ (నేరుగా క్లాస్ మీద పిలిచేది). స్టార్ట్, ఎండ్, కౌంట్ మెథడ్ లోపల వాడుకోవడానికే. పిలిచే చోట కనబడవు. అసలు పేరు ఫేర్‌ఫ్రమ్:టు:టికెట్స్: మొత్తం. దీన్నే సెలెక్టర్ అంటారు. కోలన్లు కూడా పేరులో భాగమే, కాబట్టి ఫేర్ వేరు, ఫేర్: వేరు. ఆర్గ్యుమెంట్ల (పిలిచేటప్పుడు ఇచ్చే విలువల) మధ్య కామా పెట్టకూడదు. కామా కనిపించేది స్ట్రింగ్‌విత్‌ఫార్మాట్: లాంటి, ఎన్ని విలువలైనా తీసుకునే మెథడ్లలోనే.

తెలుగులో విభక్తి ఉంటే మాటలు అటూ ఇటూ జరిపినా అర్థం నిలుస్తుంది. టు, టికెట్స్ లాంటి ఈ లేబుళ్లు చూడ్డానికి విభక్తుల్లానే ఉన్నా, వరస మారిస్తే అది మరో మెథడ్ అయిపోతుంది. ఆప్షన్లలో దీన్ని తప్పకుండా ఇరికిస్తారు. ఒకే క్లాస్‌లో అదే సెలెక్టర్‌తో, టైపులు మాత్రం మార్చి రెండు మెథడ్లు డిక్లేర్ చేయడం కూడా కుదరదు. జావా ఓవర్‌లోడింగ్ (ఒకే పేరుతో, వేరే పారామీటర్లతో మెథడ్లు రాయడం) అలవాటున్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. - (ఇంట్)ఫేర్:(ఇంట్)ఏ:(ఇంట్)బీ; అని డిక్లేర్ చేస్తే సెలెక్టర్ ఏమిటి? చాలామంది ఫేర్:ఏ: అనేస్తారు. ఏ ఇక్కడ పారామీటర్ పేరు. రెండో పారామీటర్‌కి లేబుల్ లేదు, అయినా చెల్లుతుంది. ఆపిల్ వాడే క్లాంగ్ కంపైలర్ హెచ్చరిక మాత్రమే ఇస్తుంది. సెలెక్టర్ ఫేర్::, పిలవాల్సింది [బస్ ఫేర్:10 :2] అని.