మాలేష్ అనిపించుకోని ఒక్క గాంధారం

అరబ్బీ వయొలిన్ క్లాసులో ఐదు వారాలకు నిన్న సాయంత్రం గాంధారం, అదే సరిగమల్లో ‘గ’, పలికింది. కసి ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

దీనికంతటికీ కారణం ఒక పాత ఎల్పీ. బెర్లిన్ బ్యాండ్ అజిటేషన్ ఫ్రీ 1972లో జర్మన్ సాంస్కృతిక సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ తరఫున ఈజిప్టు, లెబనాన్ వైపు టూర్ వెళ్లొచ్చి, అదే ఏడాది ‘మాలేష్’ అనే ఆల్బమ్ చేసింది. రాక్ గిటార్లు, సింథ్, జాజ్‌లా అప్పటికప్పుడు అల్లుకుంటూ సాగే మనోధర్మం, మధ్యలో అక్కడ రికార్డు చేసుకొచ్చిన చప్పుళ్లు. నేనూ బెర్లిన్‌లోనే ఉంటూ ఏళ్లుగా వింటున్నా. మాలేష్ అంటే ఈజిప్టు వాడుకలో ‘పర్లేదులే’ అని. ఆ మాట నా నెత్తినే పడుతుందనుకోలేదు.

అది విని విని అరబ్బీ వయొలిన్ క్లాసులో చేరా. చేరడానికి ఒక ఫారం, నెల ఫీజు, అంతే. శ్రుతి ఇంకా తేలిక. వాళ్ల పాత పద్ధతి సోల్-రే-సోల్-రే, అంటే మన స-ప-స-ప. వెస్టర్న్ నేర్చినవాళ్లు బిరడాలు తిప్పుకుంటూ తంటాలు పడుతుంటే నేను దర్జాగా చూస్తూ కూర్చున్నా. పన్నెండేళ్లు కర్ణాటక సంగీతంలో వర్ణాలు, కృతులు వాయించిన చెయ్యి మరి!

రాస్త్ అనే మకామ్ (మన రాగం లాంటిది) దగ్గర ఆ పొగరంతా దిగింది. రాస్త్‌లో రి, మ, ప, ద మన శంకరాభరణంలోవే, ఖరహరప్రియలోవే. గాంధారం మాత్రం మన రెండు గాంధారాలకు, కిందిదైన సాధారణానికీ పైదైన అంతరానికీ, నడుమ ఎక్కడో ఉంటుంది. నా వేలు ఆగితే అంతర గాంధారం మీద ఆగుతుంది, కిందికి దించితే అలవాటుగా ఖరహరప్రియ గమకం, అంటే స్వరాన్ని ఊపడం, మొదలెడుతుంది. కైరో నుంచి వచ్చిన మాస్టారు నా చేతికేసి చూసి, “ఎందుకలా వణుకుతోంది? భయమా?” అన్నారు. గమకమని చెప్పబోయాను. “మాలేష్,” అని పక్కనున్న ఎనిమిదేళ్ల కుర్రాణ్ణి పాడమన్నారు. వాడు ముక్కు తుడుచుకుంటూ ఒక్కసారికే పాడేశాడు. ఆ తర్వాత ఫింగర్‌బోర్డు మీద నాకోసం పెన్సిల్‌తో చుక్క పెట్టారు. నాకు! చుక్క!

ట్యూనర్ యాప్ కొన్నా. సూదిని రెండు గాంధారాలకూ సరిగ్గా మధ్యలో నిలబెట్టి వాయిస్తే, “ఇంకొంచెం పైకి, అది కాదు, మళ్లీ కిందికి... మాలేష్.” ఆ స్వరం ఊరిని బట్టి, పాటని బట్టి జరుగుతుందట. ‘క్వార్టర్ టోన్ అంటే సరిగ్గా యాభై సెంట్లు, అరస్వరంలో సగం’ అని లెక్కలు చెప్పేవాళ్లని ఒక్క రోజు ఆయన ముందు కూర్చోబెట్టాలి.

మన సంగీతం నేర్చినవాళ్లు ముందు తంబురా యాప్ కట్టేయండి. అది మోగుతున్నంతసేపూ చెవి అంతర గాంధారానికే జారుతుంది. నేను వయొలిన్ పెట్టెలో పెట్టేసి, ట్రామ్‌లో, వంటింట్లో ఆ కుర్రాడిలా పాడుకుంటూ తిరిగా. మా ఆవిడ చెవిలో దూది పెట్టుకుంది.

నిన్న స, రి దాటి వేలు పెట్టి, కదపకుండా ఉంచా. మాస్టారు మాలేష్ అనలేదు. చుక్క చెరిపేసి, “ఇప్పుడు నిషాదం చూద్దాం, అదీ ఇంతే,” అన్నారు.