వంగిన గిటారు మెడ, పావు చుట్టు చొప్పున

అమెరికాలోనో కెనడాలోనో పెరుగుతున్న పిల్లలు పాత ఎలక్ట్రిక్ గిటారు మీద మనసు పడితే కొత్తది కొనిస్తామన్నా వినరు. పాత చెక్కకే ఆ నాదం వస్తుందంటారు. అలా ఇళ్లకు ఎక్కువగా చేరేవి ఫెండర్ కంపెనీ నేర్చుకునేవాళ్ల కోసమని చేసిన చిన్న గిటార్లు: 1956లో వచ్చిన మ్యూజిక్‌మాస్టర్, డ్యువో-సానిక్, 1964లో వచ్చిన మస్టాంగ్. అదే కంపెనీ పెద్ద గిటారు, అదే కాలపు స్ట్రాటోకాస్టర్ కన్నా ఇవి చాలా చవక. కేసు తెరిచాక తీగలు మధ్యలో బాగా ఎత్తుగా ఉండి, నొక్కితే వేళ్లు నొప్పి పుట్టి, పై మెట్లలో శ్రుతి తప్పుతుంటే మెడ ముందుకు వంగిందన్నమాట.

ఎందుకు వంగుతుందో పిల్లలకు చెప్పడానికి వీణ బాగా పనికొస్తుంది. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి. దండి కాస్త అటూ ఇటూ అయినా మేళం కట్టేవారు మైనం కరిగించి, మెట్ల ఎత్తులు మళ్లీ సరిచేస్తారు. గిటారు మెట్లు చెక్కలోకి దిగి ఉంటాయి, వాటిని కదపలేం. అందుకే మెడనే నిటారు చెయ్యాలి. ఆ పని కోసం మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్ని ట్రస్ రాడ్ అంటారు. గిబ్సన్ కంపెనీకి దీని మీద 1923లోనే పేటెంటు వచ్చింది. 10-46 మందం తీగల సెట్టును (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సన్న తీగ 10, లావు తీగ 46) 25.5 అంగుళాల స్కేలు, అంటే మోగే తీగ పొడవు, ఉన్న స్ట్రాటోకాస్టర్‌కి శ్రుతి చేస్తే మెడను దాదాపు 47 కిలోల బలం లాగుతుంది. 24 అంగుళాల మస్టాంగ్‌లో అది 41 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ లాగుడుకు చెక్క విల్లులా వంగుతుంది. కడ్డీ చివర నట్టు బిగిస్తే అది ఎదురు తోస్తుంది. పాత గిటార్లలో కడ్డీ ఒకవైపే పనిచేస్తుంది: ముందుకు వంగిన మెడను వెనక్కి లాగగలదు, వెనక్కి వంగిన మెడను ముందుకు తేలేదు. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది నట్టు పాడు చేసుకుంటారు.

గిటారు ఇంటికి రాగానే పానా పట్టుకోకండి. చలికాలంలో పార్సిలు వస్తే మూసిన కేసును ఒక రోజు ఇంట్లో అలాగే ఉంచాలి. చల్లటి లాకర్ పూతకు ఒక్కసారిగా వెచ్చటి గాలి తగిలితే సన్నటి బీటలు పడతాయి. ఆ తర్వాత గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచుతూ రెండు వారాలు ఆగండి. మినియాపొలిస్, టొరొంటో లాంటి చోట్ల జనవరిలో హీటర్ నడిచే ఇంట్లో తేమ 20 శాతం దాకా పడిపోవచ్చు. ఆ పొడికి మెడ ఒకలా, వేసవి ఉక్కకు ఇంకొకలా వంగుతుంది. పొడి గాలిలో సరిచేసిన మెడ జూన్‌లో మళ్లీ వంగుతుంది.

తర్వాత కొలత. శ్రుతి చేసిన గిటారుకు మొదటి మెట్టు మీద కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, పెట్టి, లావు తీగను 17వ మెట్టు దగ్గర వేలితో నొక్కిపట్టండి. అప్పుడు ఆ తీగే సరళరేఖ. 8వ మెట్టు పైకప్పుకూ తీగ అడుగుకూ మధ్య సందులో ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే పల్చటి రేకుల కట్ట) రేకు దూర్చి చూడండి. 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు ఉంటే మెడ బాగానే ఉంది. అర మిల్లీమీటరు దాటితే వంపే. సందు అసలు లేక మొదటి నాలుగైదు మెట్లలో తీగ జరజరమంటుంటే మెడ వెనక్కి వంగింది. సన్న తీగ వైపు కూడా కొలవండి. రెండు వైపులా కొలతలు బాగా తేడాగా ఉంటే మెడ మెలితిరిగింది. అది ఇంట్లో అయ్యే పని కాదు, గిటార్లు చేసేవారి దగ్గరికి తీసుకెళ్లాలి. 12వ మెట్టు దాటాక మాత్రమే జరజరలాడితే తప్పు వంపుది కాదు, మెట్లదో, డొక్క మీద తీగలు ఆనే వంతెన (బ్రిడ్జి) ఎత్తుదో అయి ఉంటుంది.

రేకు ఒకరు పట్టి చదవాలి, నట్టు ఒకరు తిప్పాలి. చదివేది పిల్లలైతే మంచిది. విదేశాల్లో పుట్టిన పిల్లలకు వచ్చిన తెలుగు సాధారణంగా వంటింటి దగ్గర, పడక దగ్గర ఆగుతుంది: రా, తిను, పడుకో. పనిముట్ల మాటలు వాళ్ల చెవిన పడనే పడవు. ఇక్కడ సందు, మందం, బిగించు, వదులు చెయ్యి, పట్టేసింది, జారుతోంది అన్న ప్రతి మాటకూ చేతిలో ఒక అర్థం ఉంటుంది. ఈసారి ఆజ్ఞ ఇచ్చేది వాళ్లు, పాటించేది పెద్దవాళ్లు. అమెరికన్ కొలతలు అంగుళంలో ఎనిమిదో వంతు, పదహారో వంతుగా నడుస్తాయి. వాటికి మన పాత లెక్కలో పేర్లున్నాయి: ఎనిమిదో వంతు పరక, పదహారో వంతు వీసం. గిబ్సన్ తల దగ్గర గంట ఆకారపు మూత కింద ఉండే నట్టుకు 5/16 అంగుళం గొట్టం పానా కావాలి. అంటే పావు మీద వీసం. 1971 తర్వాతి, మెడను మూడు స్క్రూలతో బిగించిన స్ట్రాటోకాస్టర్ తల దగ్గర కనిపించే నట్టుకు పరక అంగుళం ఆలెన్ కీ సరిపోతుంది. గిబ్సన్ తల అసలే బలహీనమైన చోటు, అక్కడ మొండిగా తిప్పకండి.

మస్టాంగ్ లాంటి గిటార్లలో నట్టు మెడ మొదట్లో, డొక్కలోకి దిగే చోట దాగి ఉంటుంది. మెడ విప్పితేగానీ అందదు. ముందుగా కళ్లద్దాలు పెట్టుకుని తీగలు పూర్తిగా వదులు చేసి తీసెయ్యండి, బిగిసి ఉన్న తీగను కత్తిరించకండి. మస్టాంగ్ వంతెన తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది, తీగలు పోగానే ఊడొస్తుంది. ముందే ఫొటో తీసుకుని, కింద మెత్తటి గుడ్డ పరచండి. వెనక నాలుగు స్క్రూలు విప్పి మెడను నెమ్మదిగా పైకి లేపాలి. గూటిలో కాగితంలాంటి పల్చటి ముక్క ఉంటే పారేయకండి, అది మెడ కోణం కోసం పెట్టినది, ఉన్నచోటే పెట్టాలి.

నట్టు మీద అడ్డంగా, నిలువుగా గాడి ఉంటుంది. దాని వెడల్పంతా నిండే పెద్ద స్క్రూడ్రైవర్ వాడండి, సన్నది వాడితే గాడి అరుగుతుంది. బిగించే ముందు ఒకసారి ఎడమవైపు అర చుట్టు వదులు చెయ్యండి. కదిలితే మరలు బతికే ఉన్నాయి. పట్టేస్తే పల్చటి నూనె ఒక్క చుక్క, ఒక రాత్రి విరామం. నూనె ఎక్కువైతే చెక్కలోకి ఇంకుతుంది. కదిలాక కుడివైపు పరక చుట్టు, మహా అయితే పావు చుట్టు. మళ్లీ మెడ పెట్టి, తీగలు వేసి, శ్రుతి చేసి, మర్నాడు కొలవాలి. చెక్క వెంటనే మాట వినదు. ఒకే సాయంత్రం మూడు పావు చుట్లు తిప్పితే వారానికి మెడ వెనక్కి వంగి కూర్చుంటుంది.

మెడ తిరిగి బిగించేటప్పుడు స్క్రూను ముందు వెనక్కి, ఎడమవైపు తిప్పండి. టక్కుమని పాత మర దారిలో పడుతుంది. అప్పుడు కుడివైపు తిప్పాలి. ఇలా చేయకపోతే కొత్త మర కోసుకుని, నాలుగైదుసార్లకే చెక్క పిండి అయిపోతుంది.

నట్టు బలంగా ఎదురు తిరుగుతుంటే బలం పెంచకండి, మెడకు సాయం చెయ్యండి. రెండడుగుల నిటారైన గట్టి కర్రను మెట్ల వైపు పెట్టి, మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర రెండు చిన్న దిమ్మెలు ఇరికించి, 7వ మెట్టు దగ్గర క్లాంపుతో మెడను కర్ర వైపు లాగాలి. మెడ వెనకాల బెండు ముక్కో తోలు ముక్కో తప్పనిసరి. నిటారు దాటి ఒక మిల్లీమీటరు వెనక్కి వంగాక నట్టు సులువుగా తిరుగుతుంది. నట్టు చివరిదాకా వెళ్లిపోయి ఇక బిగియకపోతే దాన్ని తీసి, వెనకాల ఒక పల్చటి వాషర్ వేస్తే మరకు చోటు దొరుకుతుంది. ఎంత తిప్పినా ఏ ఎదురూ లేకుండా తిరుగుతుంటే మాత్రం కడ్డీ తెగి ఉండవచ్చు లేదా మర పోయి ఉండవచ్చు. ఆపెయ్యండి.

ఇంతకన్నా తేలికైన మార్గం తీగలు మార్చడం. 10-46 సెట్టు తీసి 9-42 వేస్తే మస్టాంగ్‌లో లాగుడు దాదాపు ఏడు కిలోలు తగ్గుతుంది. కొద్దిపాటి వంపు దానితోనే పోవచ్చు. వెనక్కి వంగిన మెడకు దీని తలకిందులు: నట్టు పూర్తిగా వదులు చేసి, లావు తీగలు వేసి, కొన్ని వారాలు వేచి చూడాలి.

వేడిచేసి నిటారు చేయడం గురించి వింటారు. మెడను క్లాంపులో బిగించి వేడి తగిలిస్తే మెట్ల పలకకూ మెడకూ మధ్య జిగురు మెత్తబడి, చల్లారాక కొత్త ఆకారంలో నిలుస్తుంది. ఇంట్లో హెయిర్ డ్రైయర్‌తో ఈ పని చేయకూడదు. నైట్రోసెల్యులోజ్ లాకర్ బొబ్బలెక్కుతుంది, సెల్యులాయిడ్ అంచులకు మంట అంటుకునే ప్రమాదం ఉంది. మెట్లు పీకి పలక చిత్రిక పట్టడం ఇంకో దారి. కానీ 1962 తర్వాతి ఫెండర్ల పలక పల్చటి పొర, చిత్రిక పట్టడానికి అక్కడ చెక్కే ఉండదు. డానెలెక్ట్రో లాంటి 1950ల చవక గిటార్లలోనైతే తిప్పడానికి నట్టే లేదు.

ఆదివారం కర్ణాటక సంగీతం క్లాసుకు వెళ్లే పిల్లలకు ఇంకో లెక్క. గమకం కోసం తీగను అడ్డంగా చాలా దూరం లాగుతారు. పాత ఫెండర్ పలక 7.25 అంగుళాల వ్యాసార్థంతో గుండ్రంగా ఉంటుంది. తీగలు మరీ కిందికి దించితే లాగిన తీగ పై మెట్లకు తగిలి స్వరం చచ్చిపోతుంది. సందు 0.30 దగ్గర, 12వ మెట్టు మీద సన్న తీగ ఎత్తు 1.8 నుంచి 2 మిల్లీమీటర్ల దగ్గర ఉంచండి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వాయించిన రాగాలు వినిపిస్తే మెట్ల వాద్యం మీద గమకం ఎలా పలుకుతుందో వాళ్లే పట్టుకుంటారు.

సెలవులకు ఇండియా తీసుకెళ్లే ముందు మెట్ల పలక ఏ చెక్కో తెలుసుకోండి. 1960ల మధ్య దాకా ఫెండర్ వాడింది బ్రెజిల్ రోజ్‌వుడ్. అది 1992 నుంచి సైటీస్ (అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు. తర్వాత వాడిన ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగితో చేసిన వాద్యాలకు 2019 నవంబరు నుంచి సైటీస్ మినహాయింపు ఉంది. విమానం ఎక్కే ముందు తీగలు రెండు స్వరాలు దించండి. విశాఖ వానాకాలపు తేమలో దిగాక వారం రోజులు నట్టు జోలికి వెళ్లకండి, కొలిచి రాసుకోండి చాలు.